ఎన్ని బేసుల్లో తిరగేసినా అదే సంఖ్య? వికటకవి సంఖ్యల వేట

కృష్ణలంక_బీటెక్
అందరికీ నమస్కారం. విజయవాడలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొన్న ల్యాబ్‌లో ఒక ప్రోగ్రామ్ ఇచ్చారు. 10 లక్షల లోపు, మామూలు పదుల లెక్కలోనూ (బేస్ 10), 0, 1 అంకెలు మాత్రమే వాడే బైనరీలోనూ (బేస్ 2) కూడా పాలిండ్రోమ్ అయ్యే, అంటే ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యలన్నీ పట్టుకోవాలి. సున్నాని వదిలేస్తే నాకు 19 వచ్చాయి:

1, 3, 5, 7, 9, 33, 99, 313, 585, 717, 7447, 9009, 15351, 32223, 39993, 53235, 53835, 73737, 585585

అన్నీ కూడితే 872187. క్లాసులో అందరికీ ఇదే వచ్చింది, రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం. కానీ నాకు అక్కడితో వదిలెయ్యాలనిపించలేదు. 585ని నోట్‌బుక్‌లో 2తో భాగించుకుంటూ పోతే 292, 146, 73, 36, 18, 9, 4, 2, 1 అని దిగింది. శేషాలు వరసగా 1, 0, 0, 1, 0, 0, 1, 0, 0, 1. కింది నుంచి చదివినా పై నుంచి చదివినా ఒకటే. అది చూశాక ఇంకా పైకి వెళ్లాలనిపించింది. ఒక్కో సంఖ్యనీ పరీక్షించే నా ప్రోగ్రామ్‌కి వంద కోట్ల దాకా వెళ్లమంటే రాత్రంతా నడిచినా తెమలడం లేదు. వేగం ఎలా పెంచాలి? మూడు బేసుల్లో, నాలుగు బేసుల్లో పాలిండ్రోమ్ అయ్యేవి కూడా ఉంటాయా?

పటమట_పైథాన్
మంచి ప్రశ్న చెల్లెమ్మా. ఇక్కడ అందరూ చేసేది ఒకటే: అన్ని సంఖ్యల్నీ వరసగా తీసుకుని, ఒక్కోదాన్నీ తిరగేసి చూడటం. పాలిండ్రోమ్‌లని వెతకొద్దు, తయారుచెయ్యి. 12345 అని సగం తీసుకో. దాన్ని అద్దంలో పెట్టినట్టు తిప్పి పక్కన చేరిస్తే 1234554321. మధ్య అంకెని ఒక్కసారే వాడితే 123454321. సగానికి రెండు పాలిండ్రోమ్‌లు వస్తాయి. ఇక బైనరీ ఒక్కటే పరీక్షిస్తే చాలు.

తేడా ఎంతో చూడు. లక్ష కోట్ల లోపు పదుల లెక్కలో పాలిండ్రోమ్‌లు మొత్తం 19,99,998. అంటే లక్ష కోట్ల పరీక్షలు 20 లక్షల లోపుకి దిగిపోయాయి.

ఇంకొంచెం తగ్గించొచ్చు. బైనరీలో మొదటి అంకె ఎప్పుడూ 1. పాలిండ్రోమ్ కావాలంటే చివరి అంకె కూడా 1 కావాలి, అంటే అది బేసి సంఖ్య. పదుల లెక్కలో చివరి అంకె బేసి అయితే మొదటి అంకె కూడా బేసే. నీ జాబితాలో 2, 4, 6, 8తో మొదలయ్యేది ఒక్కటీ లేకపోవడానికి కారణం అదే. మొదటి అంకె 1, 3, 5, 7, 9 మాత్రమే తీసుకుంటే 11,11,110 సంఖ్యలు మిగులుతాయి. మామూలు ల్యాప్‌టాప్‌కి ఇది నిమిషాల్లో అయిపోయే పని.

గన్నవరం_జావా
తమ్ముడు చెప్పింది కరెక్ట్. నేను ఇంకో రెండు చోట్ల జాగ్రత్త చెప్తాను. ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్స్ ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు.

ఒకటి, జావాలో గానీ సీలో గానీ 32 బిట్ల ఇంటీజర్ 2147483647 దగ్గర ఆగిపోతుంది. సంఖ్య అందులో పట్టినా దాన్ని తిరగేసినప్పుడు పట్టకపోవచ్చు. ఎర్రర్ కూడా రాదు, నిశ్శబ్దంగా తప్పు విలువ ఇస్తుంది. 64 బిట్లది వాడు. పైథాన్‌లో ఈ గొడవ లేదు. కానీ పైథాన్ ఇచ్చే బైనరీ స్ట్రింగ్‌కి (అక్షరాల వరసకి) ముందు సున్నా, బి అని రెండు అక్షరాలు తగులుకుని వస్తాయి. వాటిని తీసెయ్యకుండా తిరగేస్తే ఏదీ పాలిండ్రోమ్ కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. బేస్ 10 దాటాక అంకెల్ని స్ట్రింగ్‌గా అతికించకూడదు. 133ని బేస్ 12లో రాస్తే రెండే అంకెలు: 11, 1. వాటిని అతికిస్తే 111 అని కనిపిస్తుంది, ప్రోగ్రామ్ పాలిండ్రోమ్ అనేస్తుంది. అది కాదు. అంకెల్ని జాబితాగానే ఉంచి, జాబితానే తిరగేసి పోల్చాలి. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది (% అంటే భాగిస్తే మిగిలే శేషం, // అంటే భాగఫలం):

అంకెలు = ఖాళీ జాబితా
సంఖ్య > 0 ఉన్నంతసేపు:
 అంకెలకి చేర్చు (సంఖ్య % బేస్)
 సంఖ్య = సంఖ్య // బేస్
అంకెలు == తిరగేసిన అంకెలు అయితే పాలిండ్రోమ్

బేస్ ఏదైనా ఈ నాలుగైదు లైన్లే. దీన్ని ఒక ఫంక్షన్‌గా పెట్టుకో, ఇక ముందు చేసే ప్రతి ప్రయోగానికీ పనికొస్తుంది.

మంగళగిరి_కుర్రోడు
నాకు కోడింగ్ రాదు గానీ ఈ చర్చ వదలబుద్ధి కావడం లేదు. బండ్లకి ఫ్యాన్సీ నంబర్ల కోసం జనం వేలం పాడతారు కదా, నాలుగంకెల వాటిలో బైనరీలో కూడా పాలిండ్రోమ్ అయ్యేవి రెండేనా? 7447, 9009?

పటమట_పైథాన్
అవును, రెండే. 9009 బైనరీలో 10001100110001. 7447 అయితే 1110100010111. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర 9009 కనబడితే ఇక నువ్వు మామూలుగా చూడలేవు.

కృష్ణలంక_బీటెక్
అన్నా, అక్కా, చాలా థాంక్స్. సగం నుంచి తయారుచేసే పద్ధతి పెట్టాను. వంద కోట్ల దాకా టీ తాగేలోపు వచ్చేసింది. 10 లక్షలు దాటాక దొరికినవి:

1758571, 1934391, 1979791, 3129213, 5071705, 5259525, 5841485, 13500531, 719848917, 910373019, 939474939

ఇక్కడే నాకో డౌట్. 7 అంకెల సంఖ్యలు ఏడు ఉన్నాయి. 8 అంకెలది ఒక్కటే. 13500531 తర్వాత 71 కోట్లు దాటేదాకా ఒక్కటీ లేదు. అంతకుముందు కూడా 5 అంకెలవి ఆరు ఉంటే, 6 అంకెలది 585585 ఒక్కటే. ప్రోగ్రామ్‌లో ఏమైనా జారిపోతున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంత పెద్ద ఖాళీ ఎందుకు?

బ్రాడీపేట_మాస్టారు
అమ్మాయ్, నీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. గుంటూరులో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, కంప్యూటర్ నాకు అంతంత మాత్రమే. కానీ నీ ప్రశ్నకి కాగితం మీద సమాధానం చెప్పొచ్చు.

9 అంకెల పాలిండ్రోమ్‌లలో బేసి అంకెతో మొదలయ్యేవి 50,000. అలాంటి సంఖ్య బైనరీలో 27 నుంచి 30 అంకెల పొడవు ఉంటుంది. మొదటిది, చివరిది 1 అని ముందే తేలిపోయింది. మిగతావి రెండేసి చొప్పున జతలు కుదరాలి, చాలావాటికి 13 లేదా 14 జతలు. ఒక్కో జత కుదిరే అవకాశం సగం. 13 జతలూ కుదరాలంటే 8192లో ఒకటి, 14 కుదరాలంటే 16384లో ఒకటి. 50,000ని వీటితో భాగించు. మూడుకీ ఆరుకీ మధ్య వస్తుంది. నీకు దొరికినవి మూడు.

ఇప్పుడు 8 అంకెలు చూడు. 8 అంకెల పాలిండ్రోమ్‌కి సగం అంటే నాలుగు అంకెలు. 7 అంకెల దానికీ మధ్య అంకెతో కలిపి నాలుగే. అందుకని బేసితో మొదలయ్యేవి రెండిటిలోనూ 5,000 చొప్పునే ఉంటాయి. కానీ 8 అంకెల సంఖ్య బైనరీలో పొడవెక్కువ, కుదరాల్సిన జతలు ఎక్కువ. అభ్యర్థులు పెరగలేదు, పరీక్ష కష్టమైంది. అందుకే సరిసంఖ్యలో అంకెలున్న వరసల్లో పంట తక్కువ. 5 అంకెలకీ 6 అంకెలకీ మధ్య నువ్వు చూసిన తేడా కూడా ఇదే.

ఇది రుజువు కాదు, అంచనా. కానీ దీన్నుంచి ఇంకో మాట తెలుస్తుంది. పొడవు పెరిగేకొద్దీ అభ్యర్థులు ఎంత పెరుగుతారో, కుదిరే అవకాశం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అందువల్ల ఎంత దూరం వెళ్లినా అక్కడక్కడా కొన్ని దొరుకుతూనే ఉండాలి. అదే మూడో బేస్ కూడా కలిపితే అవకాశం రెండుసార్లు తగ్గుతుంది, అభ్యర్థులు మాత్రం ఒక్కసారే పెరుగుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు బేసులు ముందే ఎంచుకుని కూర్చుంటే, కాస్త దూరం వెళ్లాక చేతికి ఏమీ రాకపోవచ్చు.

అరండల్‌పేట_డిగ్రీ
మాస్టారూ, ఈ జతల లెక్క ఇంత సులువుగా నాకెవరూ చెప్పలేదండి. బీఎస్సీ మ్యాథ్స్ చేస్తున్నాను. 2, 3 బేసుల జంట మీద ఒక మాట. ఇందులో 1 తర్వాత మొదట వచ్చేది 6643. బైనరీలో 1100111110011. బేస్ 3లో 100010001. రెండోది చేత్తోనే సరిచూడొచ్చు: 6561 + 81 + 1. ఆ తర్వాత 1422773, 5415589. తర్వాతది 90396755477, అంటే 9,000 కోట్ల పైమాట. దాని తర్వాతది 381920985378904469, 18 అంకెలు! పదుల లెక్క, బైనరీ జంట కన్నా ఇది ఎంత పిసినారో చూడండి.

గన్నవరం_జావా
సరిగ్గా మాస్టారు చెప్పిన చోటే నేను వేరే దారి పట్టానండి. బేసులు ముందే ఎంచుకోకుండా, ఒక్కో సంఖ్యకీ 2 నుంచి 16 దాకా అన్ని బేసులూ పరీక్షించి, ఎక్కువ బేసుల్లో కుదిరినవి ప్రింట్ చేశాను. చిన్న సంఖ్యల్లోనే ఎంత ఉందో!

121: బేస్ 3లో 11111, 7లో 232, 8లో 171, 10లో 121.
373: బేస్ 4లో 11311, 8లో 565, 9లో 454, 10లో 373.

373 చూసి ఆగిపోయాను. 8, 9, 10 వరసగా మూడు బేసులు. అలాంటివే కావాలని, వరసగా మూడు బేసుల్లో మూడేసి అంకెలతో పాలిండ్రోమ్ అయ్యేవాటిని విడిగా తీశాను. ఆ జాబితాలో కొన్ని:

178: బేస్ 6లో 454, 7లో 343, 8లో 262
300: బేస్ 7లో 606, 8లో 454, 9లో 363
373: బేస్ 8లో 565, 9లో 454, 10లో 373
676: బేస్ 10లో 676, 11లో 565, 12లో 484
1111: బేస్ 12లో 787, 13లో 676, 14లో 595

300ని పక్కన పెట్టి మిగతా నాలుగు చూడండి. 454, 565, 676, 787. 343, 454, 565, 676. ఇది కాకతాళీయం కాదనిపిస్తోంది. మాస్టారూ, దీని వెనక సూత్రం ఉందా?

మంగళగిరి_కుర్రోడు
మెట్లు ఎక్కినట్టు ఉంది అక్కా! ఒక సంఖ్యకి మధ్య బేస్‌లో వచ్చిన అంకెలే ముందు సంఖ్యకి చిన్న బేస్‌లో వచ్చాయి.

బ్రాడీపేట_మాస్టారు
ఉంది. బాబు గమనించింది కూడా సూత్రంలోంచే వస్తుంది. మధ్య బేస్‌లు వరసగా 7, 9, 11, 13. అన్నీ బేసి సంఖ్యలే. మధ్య బేస్‌ని 2క + 1 అనుకుందాం. అందులో అంకెలు చూస్తే 7కి 3, 4, 3. 9కి 4, 5, 4. అంటే క, క+1, క. విలువ కట్టండి:

క × (2క+1)² + (క+1) × (2క+1) + క = 4క³ + 6క² + 5క + 1

ఇప్పుడు చిన్న బేస్ 2కలో అంకెలు క+1, క+2, క+1:

(క+1) × 4క² + (క+2) × 2క + (క+1) = 4క³ + 6క² + 5క + 1

పెద్ద బేస్ 2క+2లో అంకెలు క−1, క+3, క−1:

(క−1) × (2క+2)² + (క+3) × (2క+2) + (క−1) = 4క³ + 6క² + 5క + 1

మూడూ ఒకటే. ఇక ఒక్కటే షరతు: అంకె ఎప్పుడూ బేస్ కన్నా చిన్నది కావాలి. 2క బేస్‌లో క+2 అనే అంకె ఇమడాలంటే క కనీసం 3 ఉండాలి. క = 2 అయితే 67 వస్తుంది. అది బేస్ 5లో 232, బేస్ 6లో 151, కానీ బేస్ 4లో 1003. రెండు కుదిరి మూడోది తప్పిపోయింది. క = 3 నుంచి ఇక అడ్డే లేదు. వరసగా మూడు బేసుల్లో పాలిండ్రోమ్ అయ్యే సంఖ్యలు అనంతంగా ఉన్నాయని ఇప్పుడు మనం రుజువు చేసేశాం. ఇంతకుముందు చెప్పినట్టు అంచనా కాదు, అసలైన రుజువు.

ఈ మూడు విస్తరణలూ పదో తరగతి పిల్లవాడు చెయ్యగలడు. మన దగ్గర పిల్లలకి సూత్రం ముందే చేతిలో పెట్టి బట్టీ పట్టిస్తాం. పట్టిక ముందు చూపించి, "ఇందులో నీకేం కనబడుతోంది?" అని అడిగితే సగం మంది ఈ క, క+1ని వాళ్లే పట్టుకుంటారు. నా క్లాసుల్లో చూశాను కాబట్టి చెప్తున్నాను.

కృష్ణలంక_బీటెక్
మాస్టారూ, క = 7 పెట్టి చూశాను. 1702 వచ్చింది. బేస్ 14లో 8, 9, 8. బేస్ 15లో 7, 8, 7. బేస్ 16లో 6, 10, 6. హెక్సాడెసిమల్‌లో పదికి ఏ అని రాస్తాం కాబట్టి అది 6ఏ6. గన్నవరం అక్క చెప్పినట్టు స్ట్రింగ్‌గా అతికించి ఉంటే 6106 అయిపోయి, ప్రోగ్రామ్ దీన్ని వదిలేసేది. లేనిది ఉన్నట్టు చూపించడమే కాదు, ఉన్నదాన్ని కూడా పోగొడుతుందన్నమాట.

ఇంకోటి. 1111 పదుల లెక్కలో ఎలాగూ పాలిండ్రోమే. అంటే అది 10, 12, 13, 14 నాలుగిట్లోనూ ఉంది. మధ్యలో 11 ఒక్కటే తప్పింది. బేస్ 11లో 1111 అంటే 9, 2, 0. సున్నాతో ముగుస్తోంది కాబట్టి కుదిరే ప్రశ్నే లేదు, ఎందుకంటే 1111 అంటే 11 × 101.

అరండల్‌పేట_డిగ్రీ
దీనికి ఎదురు ప్రశ్న అడుగుతాను. ఏ బేస్‌లోనూ కుదరని సంఖ్యలు ఉంటాయా? బేస్ సంఖ్య కన్నా ఒకటి తక్కువైతే ఎప్పుడూ 11 అనే వస్తుంది, అది లెక్కలోకి తీసుకోకూడదు. 2 నుంచి మొదలుపెట్టి, సంఖ్య కన్నా రెండు తక్కువ దాకా ఉన్న బేసులు మాత్రమే చూడాలి. నా ప్రోగ్రామ్ 6 తర్వాత ఇచ్చినవి: 11, 19, 47, 53, 79, 103, 137, 139, 149, 163, 167, 179... అన్నీ ప్రధాన సంఖ్యలే! పైకి వెళ్లినా ఒక్క సంయుక్త సంఖ్య కూడా తగలడం లేదు.

బ్రాడీపేట_మాస్టారు
తగలదు. సంఖ్య సంయుక్తమైతే దాన్ని చ × ట అని రాయొచ్చు, చ చిన్నది అనుకో. బేస్‌ని ట−1 తీసుకుంటే ఆ సంఖ్య చ, చ అనే రెండంకెలుగా వస్తుంది, ఎందుకంటే చ × (ట−1) + చ = చ × ట. చ ఆ బేస్ కన్నా చిన్నదైతే చాలు. ఉదాహరణకి 35 అంటే 5 × 7, బేస్ 6లో అది 55.

ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. రెండు కారణాంకాలూ పక్కపక్క సంఖ్యలైతే వాటిలో ఒకటి సరిసంఖ్య, కాబట్టి మొత్తం 2తో పోతుంది. అప్పుడు 2 × మిగతాది అని విడగొట్టుకోవచ్చు, 6 దాటితే అది ఎప్పుడూ కుదురుతుంది. ఇక ప్రధాన సంఖ్య వర్గమైతే, ఆ ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువ బేస్‌లో 121 అని వస్తుంది. 25 బేస్ 4లో 121, 49 బేస్ 6లో 121. 9కి మాత్రం బేస్ 2లో 2 అనే అంకే లేదు. కానీ 9 బైనరీలో 1001, అదీ పాలిండ్రోమే. కాబట్టి 6 దాటాక ఏ బేస్‌కీ లొంగని సంఖ్య ప్రధాన సంఖ్యే అయి తీరాలి. ప్రధాన సంఖ్యలన్నీ అలా ఉండాలని మాత్రం లేదు. మనం చూసిన 373 ప్రధాన సంఖ్యే, నాలుగు చోట్ల లొంగింది.

పటమట_పైథాన్
మాస్టారి మాట మీద ఒక విషయం గుర్తొచ్చింది. అంకెల సంఖ్య కూడా సమానంగా ఉండాలని షరతు పెడితే కథ మారిపోతుంది. పదుల లెక్కలో, ఇంకేదైనా ఒక బేస్‌లో, రెండిట్లోనూ ఒకే పొడవుతో, కనీసం రెండంకెలతో పాలిండ్రోమ్ అయ్యే సంఖ్యలు సరిగ్గా 203 ఉన్నాయని ఎడ్రే గోయిన్స్ అనే గణిత శాస్త్రవేత్త 2009లో రుజువు చేశారు. అంతకుముందు అది జె. ఎర్నెస్ట్ విల్కిన్స్ ప్రతిపాదన. మన 373 ఆ 203లో ఒకటి: 8లో 565, 10లో 373, రెండూ మూడంకెలే. 676 కూడా అంతే. 585 ఎంత అందంగా ఉన్నా బైనరీలో పది అంకెలు కాబట్టి ఆ జంటతో అందులోకి రాదు. అనంతం అనుకున్నది చిన్న షరతుతో లెక్కపెట్టగలిగేదైపోయింది, నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

మంగళగిరి_కుర్రోడు
మరి అన్నిటికన్నా ఎక్కువ బేసుల్లో కుదిరే సంఖ్య ఏది? దానికి హద్దుందా?

గన్నవరం_జావా
హద్దు లేదు తమ్ముడూ. మాస్టారు ఇచ్చిన చ × ట రుజువులోనే సమాధానం ఉంది. ఒక సంఖ్యని ఎన్ని రకాలుగా రెండు కారణాంకాలుగా విడగొట్టగలిగితే దాదాపు అన్ని బేసుల్లో రెండంకెల పాలిండ్రోమ్ అవుతుంది. 360కి 12 జతలున్నాయి, చివరిది 18 × 20. దానికి బేస్ 19, అంకెలు 18, 18. 1 × 360 ఇచ్చే 11ని కూడా కలుపుకుంటే పన్నెండూ కుదురుతాయి. కారణాంకాలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్న సంఖ్యని తయారుచేసుకోవచ్చు కాబట్టి బేసులు కూడా ఎన్ని కావాలంటే అన్ని.

కృష్ణలంక_బీటెక్
5040తో ఇప్పుడే నడిపాను అక్కా. కారణాంకాలు 60, జతలు 30. చివరి జత 70 × 72, బేస్ 71, అంకెలు 70, 70. అంచుల్లో పట్టింది! ముప్ఫై బేసుల్లోనూ రెండంకెల పాలిండ్రోమే. మూడంకెలు, అంతకన్నా పొడవు ఉన్నవి విడిగా లెక్కపెట్టేలా ఫంక్షన్ మారుస్తున్నాను. మంగళవారం ల్యాబ్ ఉంది, మాస్టారి మూడు విస్తరణలూ 178 నుంచి 1702 దాకా పట్టికతో సహా బోర్డు మీద రాయడానికి మా సార్‌ని పర్మిషన్ అడిగాను, సరే అన్నారు.